శంకర్‌నాగ్ పోయాక అరుంధతీ నాగ్ గారు రంగశంకరను ఎలా నిలబెట్టారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ మేనమామ గారు జీవితమంతా నాటకాలు ఆడి, నాలుగైదు సినిమాల్లో కూడా కనిపించి, నిరుడు కాలం చేశారు. మీ అత్తయ్య గారు ఆయన పేరిట ఏదైనా మంచి పని చేయాలని కొంత సొమ్ము పక్కన పెట్టుకున్నారు. ఊరి కూడలిలో విగ్రహం పెట్టమని కొందరు, ఏటా వర్ధంతినాడు పురస్కారం ఇమ్మని మరికొందరు సలహా ఇస్తున్నారు. ఈలోగా బెంగళూరులో శంకర్‌నాగ్ అనే కన్నడ నటుడు, దర్శకుడి భార్య అరుంధతీ నాగ్ గారు భర్త పేరుతో ‘రంగశంకర’ అనే నాటకశాల కట్టించిన సంగతి ఎవరో మీ అత్తయ్య గారి చెవిన వేశారు. ఆ అరుంధతి గారు ఎవరు, అంత పని ఎలా చేయగలిగారు, అందులో మన చేతనయ్యేది ఏమైనా ఉందా అన్నది మీ సందేహం.

నేను అనంతపురంలో నాటక సమాజాలకు లైటింగు చేస్తూ మొదలుపెట్టి, ఉద్యోగరీత్యా బెంగళూరు చేరి, రంగశంకర తలుపులు తెరిచిన తొలి సంవత్సరాల నుంచి అక్కడ ప్రేక్షకుడిగా కూర్చుంటున్నవాణ్ని. అరుంధతీ నాగ్ గారితో నాకు వ్యక్తిగతమైన పరిచయం లేదు. అందువల్ల లోకానికి తెలిసిన విషయాలు, నేను కళ్లారా చూసినవి మాత్రమే ఇక్కడ చెబుతాను.

ముందు శంకర్‌నాగ్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగువారిలో ఈ తరం వారికి ఆయన కంటే ఆయన అన్నగారు అనంత్‌నాగ్ ఎక్కువగా తెలుసు. తెలంగాణ పల్లె నేపథ్యంలో శ్యామ్ బెనెగల్ తీసిన ‘అంకుర్’లోనూ, తెలుగులోనే తీసిన ‘అనుగ్రహం’లోనూ నటించినవాడు అనంత్‌నాగ్. ‘కేజీఎఫ్’ మొదటి భాగంలో కథ చెప్పే పెద్దమనిషిగా ఆయనను మన పిల్లలు కూడా గుర్తుపడతారు. తమ్ముడు శంకర్ 1954లో ఉత్తర కన్నడ జిల్లాలో పుట్టి, బొంబాయిలో మరాఠీ రంగస్థలం మీద రాటుదేలి, 1978లో గిరీశ్ కర్నాడ్ దర్శకత్వం వహించిన ‘ఒందానొందు కాలదల్లి’తో కన్నడ తెర మీదికి వచ్చాడు. ఆ తరువాత పన్నెండేళ్లలో ఎనభైకి పైగా సినిమాల్లో నటించాడు. మధ్యలో కర్ణాటకలోని ఆగుంబె అనే ఊళ్లో మకాం వేసి, దూరదర్శన్ కోసం ‘మాల్గుడి డేస్’ ధారావాహిక తీశాడు. ‘ఆటో రాజా’ వచ్చి నలభై ఏళ్లు దాటినా బెంగళూరు ఆటోల వెనక అద్దాల మీద ఆయన బొమ్మ ఈనాటికీ కనిపిస్తుంది. సినిమాల్లో ఇంత తీరిక లేకుండా ఉంటూనే, ‘సంకేత్’ అనే నాటక బృందాన్ని నడిపి, జయవంత్ దళ్వీ మరాఠీ నాటకాలను కన్నడంలో ఆడించాడు. డబ్బు సినిమా ఇస్తుంది, ప్రాణం మాత్రం నాటకంలో ఉంటుంది అన్న తీరులో బతికిన మనిషి అని ఆయనను ఎరిగినవారు చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. మన పత్రికల్లో ‘ఫలానా నటుడి సతీమణి’ అని రాయడం అలవాటైపోయి, భర్త పోయాక దుఃఖంలోంచి తేరుకోవడానికి ఆవిడ నాటకరంగం వైపు వచ్చినట్టు చాలామంది అనుకుంటారు. నిజానికి అరుంధతి గారు శంకర్‌నాగ్ జీవితంలోకి వచ్చింది నాటకం మీదుగానే. ఢిల్లీలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి చేరిన ఆవిడ పదిహేడేళ్ల ప్రాయం నాటికే అక్కడి రంగస్థలం మీద ఉన్నారు, శంకర్ పరిచయమైందీ ఆ నాటకాల మధ్యనే. గుజరాతీ, మరాఠీ, హిందీ నాటకాలు ఆడారు. పెళ్లయి బెంగళూరు వచ్చాక కన్నడం నేర్చుకుని కన్నడ నాటకాలు ఆడారు. అలవాటు లేని భాషలో సంభాషణ కంఠస్థం చేసి, యాస తెలియనీయకుండా పలికి, ప్రేక్షకుల చేత చప్పట్లు కొట్టించుకోవడం ఎంత కష్టమో వేషం కట్టినవారికే తెలుసు. నాటకశాల కట్టే నాటికి నాటకశాలలో ఏమి ఉండాలో, ఏమి ఉండకూడదో ఆవిడకు పాతికేళ్ల వేదిక అనుభవం నేర్పింది. మీ అత్తయ్య గారి విషయంలో కూడా ఈ ప్రశ్న ముందుగా వేసుకోమని అంటాను: ఇన్నేళ్లూ ఆవిడ నాటకానికి ఎంత దగ్గరగా ఉన్నారు? రిహార్సళ్లకు టీ కాచి ఇచ్చారా, ప్రాంప్టింగ్ చెప్పారా, ఆహార్యం సర్దారా? అలా సర్దిన చేయి అయితే దాని అనుభవం చిన్నది కాదు.

1990 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున దావణగెరె దగ్గర ఆనగోడు వద్ద జరిగిన కారు ప్రమాదంలో శంకర్‌నాగ్ చనిపోయారు. ‘జోకుమారస్వామి’ చిత్రీకరణకు వెళ్తున్న ప్రయాణం అది. ఆయనకు అప్పటికి ముప్పై ఆరేళ్లు కూడా నిండలేదు. అదే కారులో ఉన్న అరుంధతి గారు తీవ్రంగా గాయపడ్డారు. విరిగిన ఎముకలు, ఇంట్లో చిన్నపిల్ల, భర్త సగంలో వదిలి వెళ్లిన పనులు, ఊరంతా తెలిసిన మనిషి కావడం వల్ల గుమ్మం దాటితే చాలు పలకరించే జనం, ఇంత మధ్యలో ఆవిడ లేచి నిలబడవలసి వచ్చింది. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయడం నాకు ఇష్టం లేదు. ఆవిడ బాధ ఆవిడది.

నాటకానికి మాత్రమే అంకితమైన రంగస్థలం ఒకటి బెంగళూరుకు కావాలన్నది దంపతులిద్దరి కోరిక. ఆ కోరికకు బొంబాయిలో కళ్లెదుటే ఒక నమూనా ఉంది. పృథ్వీరాజ్ కపూర్ జ్ఞాపకార్థం ఆయన కుమారుడు శశికపూర్, కోడలు జెన్నిఫర్ కలిసి జుహూలో కట్టిన పృథ్వీ థియేటర్ 1978లో ప్రారంభమైంది. చిన్న హాలు, నటుడికి చేయి చాస్తే అందేటంత దగ్గరలో ప్రేక్షకుడు, ఏడాది పొడవునా ప్రదర్శనలు. అటువంటిది చూసి వచ్చినవారికి బెంగళూరులో కనిపించింది వేరు. రవీంద్ర కళాక్షేత్ర ఉంది, చౌడయ్య మెమోరియల్ హాలు ఉంది, రెండూ గొప్పవే. అయితే వాటిలో ఒకరోజు నాట్యం, మరునాడు సన్మానం, ఇంకోరోజు మహాసభ. వాటి మధ్య దొరికిన తేదీకి నాటకం. ఆ తేదీ కోసం ఆరు నెలల ముందు దరఖాస్తు పెట్టుకుని, చివరి వారంలో ఎవరో మంత్రిగారి కార్యక్రమం వచ్చి అది రద్దయితే, మళ్లీ మొదటి నుంచి తిరగడం మన తెలుగు సమాజాల వారికి నేను వివరించి చెప్పనక్కరలేదు.

శంకర్ పోయిన తరువాత అరుంధతి గారు, గిరీశ్ కర్నాడ్ వంటి మిత్రులు కలిసి సంకేత్ పేరునే ట్రస్టుకు పెట్టి, కర్నాడ్ గారిని దానికి అధ్యక్షుడిగా కూర్చోబెట్టి, పని మొదలుపెట్టారు. కర్ణాటక ప్రభుత్వం జేపీ నగర్ రెండో ఫేజులో స్థలాన్ని లీజుకు ఇచ్చింది. వాస్తుశిల్పి షారుఖ్ మిస్త్రీ నమూనా గీశారు. ప్రమాదం జరిగింది 1990లో, రంగశంకర తలుపులు తెరుచుకున్నది 2004 అక్టోబర్ 28న. మధ్యలో పద్నాలుగేళ్లు. స్థలం రావడానికి కొన్నేళ్లు, సొమ్ము పోగవడానికి కొన్నేళ్లు, గోడలు లేవడానికి కొన్నేళ్లు పట్టాయి. పెద్ద సంస్థలు ఇచ్చాయి, ప్రభుత్వం ఇచ్చింది, అభిమానులు ఇచ్చారు. అడగడానికి ప్రతి గుమ్మమూ ఎక్కింది మాత్రం ఆవిడే. చేయి చాచి అడగడం నటికి అలవాటైన పని కాదు. సినిమాల్లో నాలుగు వేషాలు వేసుకుని, కూతుర్ని పెంచుకుంటూ, ఎవరినీ ఏమీ అడగకుండా బతికే దారి ఆవిడకు ఉంది. ఆ దారి పట్టకుండా పద్నాలుగేళ్లు గుమ్మాలు ఎక్కినందుకే నేను ఆవిడకు చేతులెత్తి నమస్కరిస్తాను.

మీరు ప్రశ్నలో ‘నాటకరంగ పోషకురాలు’ అనే మాట వాడారు. పోషకులు అంటే మనకు పిఠాపురం రాజావారు, వెంకటగిరి రాజావారు మొదలైన జమీందారుల బొమ్మ కళ్ల ముందు కదులుతుంది. చేతిలో ఉన్నది ఇచ్చి కళను బతికించినవారు వారు. అరుంధతి గారి చేతిలో అటువంటి సొత్తు లేదు. నాటకం ఆడుకునేవారికి తక్కువ అద్దెకు, మంచి సదుపాయాలతో, ఏడాది పొడవునా ఒక గూడు ఉండేటట్టు చూడడమే ఆవిడ చేసిన పోషణ.

ఆ గూడు ఎలా ఉంటుందో చెబుతాను. జేపీ నగర్‌లో ఇళ్ల మధ్య వీధిలో ఉంటుంది. కింద వరండాలో పుస్తకాల దుకాణం, పక్కన అక్కిరొట్టె (బియ్యప్పిండి రొట్టె), సగ్గుబియ్యం వడలు దొరికే చిన్న ఫలహారశాల ఉంటాయి. సాయంత్రం ఆరున్నర నుంచే మెట్ల మీద జనం కూర్చుని ఉంటారు. కాలేజీ పిల్లలు, ఉద్యోగం నుంచి నేరుగా వచ్చి భుజాన సంచీ దించనివారు, చేతికర్ర పట్టుకుని వచ్చిన పెద్దవారు, అందరూ ఒకే వడ ప్లేటు చుట్టూ కనిపిస్తారు. లోపల ఉన్నవి సుమారు 320 సీట్లు మాత్రమే. వేదిక ప్రేక్షకుల మధ్యకు ముందుకు చొచ్చుకుని వస్తుంది, సీట్లు మెట్లు మెట్లుగా పైకి లేస్తాయి. చివరి వరుసలో కూర్చున్నా నటుడి కనురెప్ప వాలడం కనిపిస్తుంది. లైటింగు చేసిన మనిషిని కనుక నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాటకం కంటే ముందు కప్పు వైపు చూశాను. వేదిక మీది దీపాలు ఎక్కడ వేలాడుతున్నాయి, ముఖం మీద నీడ పడకుండా ముందు నుంచి వెలుగు ఏ కోణంలో వస్తోంది అన్నవి లెక్కపెట్టుకున్నాను. మన కల్యాణ మండపాలలో, కళాభారతులలో వెదురుబొంగులకు లైట్లు కట్టి, ఒక్కోసారి పెళ్లి వీడియో తీసేవారి దీపాన్ని అరువు తెచ్చుకుని నెట్టుకొచ్చిన నాకు ఆ కప్పును చూస్తే కళ్లు చెమర్చాయి. నాటకం కోసం పుట్టిన కట్టడంలో మొదటిసారి కూర్చోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

కట్టడం కంటే గట్టివి అక్కడి నియమాలు. సోమవారం తప్ప ప్రతిరోజూ నాటకం ఉండాలన్నది మొదటిది. ఆ హాలులో నాటకం తప్ప మరొకటి జరగకూడదన్నది రెండోది. సన్మాన సభలు, పుట్టినరోజులు, రాజకీయ సమావేశాలు, ఎంత అద్దె ఇస్తామన్నా వీలుపడదు. మూడోది జనం ఎక్కువగా చెప్పుకునేది: నాటకం మొదలైన తరువాత ఎవరినీ లోపలికి రానివ్వరు. ఏడున్నర అంటే ఏడున్నరే.

ఈ మూడో నియమం నాకు ఒకసారి తగిలింది. ఎప్పుడూ రద్దీగా ఉండే సిల్క్ బోర్డు కూడలి దగ్గర వాహనాల మధ్య ఇరుక్కుపోయి, రెండు నిమిషాలు ఆలస్యంగా చేరాను. నాతో పాటు హిందూపురం నుంచి నాటకం కోసమే వచ్చిన స్నేహితుడు ఉన్నాడు. తలుపు దగ్గర ఉన్న కుర్రవాడు ఎంతో మర్యాదగా, ఒక్క మాట కూడా పెంచకుండా, తలుపు తీయడం కుదరదని చెప్పాడు. తప్పు మాదే కనుక వాదించలేదు. నా స్నేహితుడికి మాత్రం కోపం వచ్చింది. ‘టికెట్టు కొన్నవాణ్ని బయట నిలబెట్టడమేమిటి?’ అన్నాడు. కింద కూర్చుని టీ తాగుతూ నేను అతనికి చెప్పింది ఇది. మన పరిషత్తుల్లో, అంటే నాటిక పోటీల్లో, నాటిక మొదలై ఇరవై నిమిషాలయ్యాక అధ్యక్షులవారు అనుచరులతో ముందు వరుసలోకి వస్తారు, వెనక కూర్చున్న జనం లేచి నిలబడతారు, వేదిక మీద ఏడుస్తున్న తల్లి పాత్రధారిణి ఆ కుర్చీల చప్పుడు తగ్గే దాకా తన ఏడుపును కొనసాగించవలసి వస్తుంది. ఆవిడ ఎంత గొప్ప నటి అయినా ఆ సన్నివేశం ఇక అతకదు. రంగశంకర తలుపు మూసింది మన ముఖం మీద కాదు, ఆ నటి ఏడుపు చెడకుండా ఉండడానికి మూసింది. అతను మరుసటి నెల మళ్లీ వచ్చాడు. ఏడు గంటలకే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

ఇక డబ్బు సంగతి. మీ అత్తయ్య గారికి అవసరమైన భాగం ఇదే కనుక కొంచెం విడమరిచి చెబుతాను. ఉదాహరణకు 320 సీట్ల హాలులో టికెట్టు 200 రూపాయలు పెట్టారనుకోండి. వారం మధ్యలో సగం నిండడం కూడా అదృష్టమే. 160 మంది వస్తే కలెక్షన్ 32,000 రూపాయలు. అందులోంచి సెట్టు, దుస్తులు, రవాణా, లైటింగు మనిషి, పదిహేనుమంది కళాకారుల భోజనాలు పోవాలి. హాలు అద్దె యాభై వేలైతే ఆ సమాజం తెర ఎత్తక ముందే మునిగిపోతుంది. హాలు అద్దె ఆ కలెక్షన్లో చిన్న భాగంగా ఉంటేనే, లైట్లు, సౌండు హాలువాళ్లే ఇస్తేనే, అదే నాటకాన్ని మళ్లీ వచ్చే నెల ఆడాలన్న ధైర్యం కలుగుతుంది. రంగశంకర అద్దెను మొదటి నుంచి ఇలా తక్కువగా ఉంచారు. అంటే అక్కడ ఆడే ప్రతి నాటకానికీ హాలు తన వంతు నష్టాన్ని భరిస్తోంది. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు ఆ అద్దెతో గడవవు. ఆ తేడా విరాళాలతో, సంస్థల సహాయంతో పూడాలి. అందుకని భవనం పూర్తయినంత మాత్రాన విరాళాలు అడగడం ఆగలేదు. 2004కు ముందు ఇటుకల కోసం ఎక్కిన గుమ్మాలనే ఆ తరువాత నిర్వహణ కోసం ఎక్కవలసి వచ్చింది. ఇటుకకు ఇచ్చేవారికి గోడ మీద పేరు రాయవచ్చు. కరెంటు బిల్లుకు ఇచ్చేవారి పేరు ఎక్కడ రాస్తాం? రెండో రకం దాతను ఒప్పించడమే ఎక్కువ కష్టం.

ఈ పనుల మధ్య ఆవిడ నటించడం మానలేదు. గిరీశ్ కర్నాడ్ రాసిన ‘ఒడకలు బింబ’ 2005లో రంగశంకరలోనే వేదిక ఎక్కింది. ఒకే నటి, ఎదురుగా తెర మీద తనలాగే ఉన్న మరో బింబం, ఆ ఇద్దరి మధ్య గంట సేపు సంభాషణ. కన్నడంలో ఆ పాత్రను అరుంధతి గారు ధరించారు, తరువాత హిందీలోనూ ఆడారు. తెర మీది బింబం ముందే చిత్రీకరించినది కనుక దాని మాటల వేగం మారదు. వేదిక మీద ఉన్న నటి ఒక్క క్షణం తడబడినా, ఒక్క క్షణం ముందుకు పోయినా అంతా బయటపడిపోతుంది. ఆవిడ ఆ బింబాన్ని నిజంగానే వింటున్నట్టు, మాట మాటకూ ముఖం మారుతూ నిలబడడం చూశాక, నిర్వాహకురాలి బాధ్యత ఆవిడలోని నటిని మింగేసిందన్న మాట ఎవరు అన్నా నేను ఒప్పుకోను. సినిమాల్లో ఆవిడను మీరు చూసే ఉంటారు. ‘పా’లో అమ్మమ్మ పాత్రకు ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం వచ్చింది. 2010లో పద్మశ్రీ ఇచ్చారు. సంగీత నాటక అకాడమీ గౌరవం అంతకు ముందే అందింది.

పిల్లల నాటకం గురించి చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. 2006లో ‘ఆహా’ పేరిట పిల్లల కోసం ప్రత్యేకంగా నాటకాలు, పండుగలు మొదలుపెట్టారు. జర్మనీలోని మన్‌హైమ్ నగరానికి చెందిన ష్నావల్ అనే బాలల థియేటర్‌తో కలిసి, సూట్‌కేసు పట్టుకుని యుద్ధభూమి నుంచి వలస వెళ్లే పిల్లవాడి కథను రెండు దేశాల నటులతో ఆడించారు. పిల్లల నాటకం అంటే పెద్దవారు గొంతు మార్చి కుందేలు, తాబేలు వేషాలు వేసుకోవడం అని మన దగ్గర ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అక్కడ అలా కాదు. పెద్దల నాటకానికి ఎంత రిహార్సల్ చేస్తారో పిల్లల నాటకానికీ అంతే చేస్తారు. వేసవిలో మామిడిపండ్ల పండుగ జరుపుతారు. ఎవరి పండ్లు వారు తెచ్చి ఒకచోట పోస్తే, పెద్దా చిన్నా అందరూ నేల మీద కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుండగా తింటారు. మా అమ్మాయి రంగశంకరకు మొట్టమొదట వచ్చింది ఆ మామిడిపండ్ల కోసమే. ఇప్పుడు నాటకాలకు నాకంటే ముందు తనే టికెట్లు కొంటోంది.

ఈ సందర్భంలో తెలుగువారికి సంబంధించిన ఒక మాట. బెంగళూరు నాటకరంగానికి, మనకు ఉన్న బంధుత్వం కొత్తది కాదు. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన మన పట్టాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామరెడ్డి గారు, ఆయన భార్య, రంగస్థల నటి స్నేహలతారెడ్డి గారు స్థిరపడింది ఈ ఊళ్లోనే. కన్నడ సినిమా దిశను మార్చిన ‘సంస్కార’ను 1970లో తీసింది ఆ తెలుగు కవి. అందులో స్నేహలత గారి సరసన నటించి, స్క్రీన్‌ప్లే రాసిన గిరీశ్ కర్నాడే తరువాత రంగశంకర ట్రస్టుకు అధ్యక్షుడయ్యారు. స్నేహలత గారు ఎమర్జెన్సీ కాలంలో జైలుపాలై, ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని, 1977 జనవరిలో కన్నుమూశారు. ఆవిడ పేరు మీద మన నేలలో ఒక్క వేదిక కూడా నాకు తగలలేదు. అది నన్ను చాలాకాలంగా పట్టి బాధిస్తున్న విషయం.

ప్రతిరాత్రీ టికెట్టు కొని నాటకం చూడడం తెలుగువారి స్వభావంలో లేదని కొందరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబాలు తరతరాలుగా ఊరూరా డేరాలు వేసి, టికెట్టు పెట్టి, రాత్రికో నాటకం ఆడి, దాని మీదే బతికాయి. పరిషత్తు వేరే దారి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన తరువాత ఏర్పడిన పోటీల సంప్రదాయం ఎన్నో గొప్ప నాటికలను, ఎందరో నటులను ఇచ్చింది. అయితే అందులో ప్రవేశం ఉచితం, నాటిక ఆడేది న్యాయనిర్ణేతల కోసం, బహుమతి ప్రదానం అయిపోతే వచ్చే ఏడాది దాకా తెర లేవదు. మీ మామయ్య గారు ఎన్ని బహుమతులు గెలిచారో నాకు తెలియదు గానీ, తన ఊళ్లో తన నాటకాన్ని వరుసగా పది రాత్రులు ఆడే అవకాశం ఆయనకు ఒక్కసారైనా దొరికిందా అని మీ అత్తయ్య గారిని అడగండి.

ఇప్పుడు మీ సొమ్ము సంగతి. మీరు రాసిన మొత్తంతో కట్టడం లేవదు. అది ముందే మనసులో పెట్టుకోండి. విగ్రహం వద్దని నేను చెప్పను. అభిమానులకు అదొక తృప్తి. పురస్కారం కూడా మంచిదే, కానీ శాలువా, జ్ఞాపిక, విందు ఖర్చు పోగా కళాకారుడి చేతికి వచ్చేది ఎంత అని లెక్క వేసుకోండి. నా సలహా ఇది. మీ ఊళ్లో ఉన్న హాలులోనే నెలకు ఒక నిర్ణీత తేదీని, ఉదాహరణకు రెండో శనివారాన్ని, మామయ్య గారి పేరిట ఏడాది మొత్తానికి ముందే అద్దె కట్టి తీసుకోండి. పన్నెండు తేదీలు. ఆ రోజు ఎవరు నాటకం ఆడినా వారికి హాలు ఉచితం, లైట్లు, సౌండు మీవి. టికెట్టు మాత్రం తప్పకుండా పెట్టండి, యాభై రూపాయలైనా సరే, ఆ కలెక్షన్ మొత్తం ఆడినవారికే వెళ్లాలి. చెప్పిన సమయానికి, నాటకం మొదలవుతోందని తెలిపే మూడో గంట కొట్టి తలుపు మూయండి. మొదటి నెలలో మీ బంధువులే బయట మిగిలిపోయి కోపగించుకుంటారు, అయినా మూయండి. ఉపన్యాసాలు పెట్టకండి. మామయ్య గారి ఫొటో వరండాలో ఉంచి, దీపం పెట్టండి, అది చాలు. ఒక ట్రస్టును ఇప్పుడే రిజిస్టరు చేయించుకోండి, అందులో మీ కుటుంబం వారు సగానికి మించకుండా, నాటకం తెలిసినవారు ఇద్దరు, లెక్కలు తెలిసినవారు ఒకరు ఉండేటట్టు చూసుకోండి. రంగశంకర వెనక కూడా ఒక్క మనిషి పేరే కాక ఒక ట్రస్టు, ఎస్. సురేంద్రనాథ్ వంటి దర్శకుడు, ఏళ్ల తరబడి తెర వెనక పనిచేసిన కుర్రకారు ఉన్నారు.

ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు మీ అత్తయ్య గారిని ఒకసారి బెంగళూరు తీసుకురండి. హౌస్‌ఫుల్ అయిన శనివారం కాకుండా, ఏ బుధవారమో తీసుకురండి. సగం సీట్లు ఖాళీగా ఉన్నా నాటకం చెప్పిన వేళకు మొదలు కావడం ఆవిడ చూడాలి. ప్రదర్శన ఏడున్నరకు. సిల్క్ బోర్డు మీదుగా రావద్దు, జయనగర్ వైపు నుంచి రండి. ఏడు గంటలకల్లా మెట్ల దగ్గర ఉంటే, నేను అక్కిరొట్టె తెప్పించి ఉంచుతాను.